పేగుపూత జబ్బులు: మనవారిపై పరిశోధన ఎందుకు?

రక్తంతో విరేచనాలు వారాల తరబడి తగ్గకపోతే మనలో చాలామంది మొలలనుకుని ఊరుకుంటాం. అది అల్సరేటివ్ కొలైటిస్ కావచ్చు. దాని జోడు జబ్బు క్రోన్స్. అది పేగు క్షయను పోలి ఉంటుంది కనుక మన దేశంలో గుర్తించడం డాక్టర్లకూ కష్టమే.

వీటిని ఒకప్పుడు పాశ్చాత్యుల జబ్బులనుకునేవారు. అయితే ఇంగ్లండులోని లెస్టర్ ప్రాంతంలో స్థిరపడిన భారతీయుల్లో కొలైటిస్ స్థానికులకంటే ఎక్కువగా ఉందని 1992లో వెలువడిన అధ్యయనం చూపింది. లూథియానా వైద్యులు పంజాబులో ఇంటింటికీ తిరిగి, లక్షకు 44 మందికి ఈ జబ్బు ఉందని 2003లో ప్రకటించారు.

ఈ జబ్బులకు వాడే అజాథయోప్రిన్ కొందరిలో తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. అలాంటివారిని ముందే గుర్తించడానికి పాశ్చాత్య దేశాల్లో టీపీఎంటీ పరీక్ష వచ్చింది. ఆసియావారిలో ఎంతోమంది దానికి దొరకలేదు. కొరియా పరిశోధకులు తమ రోగులనే పరీక్షించి, ఎన్‌యూడీటీ15 అనే జన్యువులోని మార్పు కారణమని 2014లో తేల్చారు. ఆ మార్పు యూరప్‌వారిలో అరుదు, మన దక్షిణాసియావారిలో ఎక్కువ. అంటే మనవారిని పరీక్షించకుండా చేసిన పరిశోధన మనల్ని పూర్తిగా కాపాడలేదు.

అందుకే దాతలకు మా విన్నపం. పేద రోగికి మందు కొనిపెట్టడంతోపాటు, డాక్టరు సూచిస్తే ఈ జన్యు పరీక్షకూ సాయపడదాం. పరిశోధనకు పిలుపు వస్తే, వివరాలు అడిగి తెలుసుకుని పేరిద్దాం. మన పిల్లల్లో డాక్టర్లయినవారు పరిశోధనకు ముందుకొస్తే చదువు ఖర్చులో చేయి కలుపుదాం. మందు వాడుతున్నవారు మాత్రం డాక్టరునడగకుండా మానవద్దు.