నలభై మంది పిల్లల లెక్క

విద్యా విధానం అనే మాట వినగానే మనకు రాజధానిలోని కమిషన్లు, వాటి బృహత్సంపుటాలు జ్ఞప్తికి వస్తాయి. 1964-66 నాటి కొఠారీ కమిషన్, 1968, 1986 సంవత్సరాల జాతీయ విధానాలు, 2020 జూలై 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నూతన విధానం, ఇవన్నీ ఎవరో పెద్దల ఆలోచనా ఫలితాలుగానే సామాన్య పౌరునికి కనిపిస్తాయి. ఆ సంపుటాలలోని ఒక వాక్యం బడిగదిలో పాఠంగా మారాలంటే మధ్యలో పౌరుడు చేయవలసిన పని కొంత ఉన్నదని గ్రహించేవారు తక్కువ. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో నివసించే తెలుగు కుటుంబాల వైపు నుంచి చూస్తే ఆ పని ఎటువంటిదో తేటతెల్లమవుతుంది.

అర్పా నది ఒడ్డున ఉన్న ఈ పట్టణాన్ని రైలు పెంచింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891 నాటికి నాగపూర్-అసన్సోల్ ప్రధాన మార్గాన్ని పూర్తి చేసింది. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తయిన పిదప ఉత్తరాంధ్రకు ఈ ప్రాంతం మరింత చేరువైంది. ఒకే రైల్వే సంస్థ వాల్తేరు, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్‌లను కలిపి ఉంచినందున శ్రీకాకుళం, విశాఖ మండలాల కుటుంబాలు ఉద్యోగాల వెంట ఈ పట్టణాలకు చేరి తరతరాలుగా స్థిరపడ్డాయి. ఇక్కడి పౌరులు అడగడం తెలియనివారు కారు. రైల్వే మండల ప్రధాన కేంద్రం కోసం 1996లో తీవ్రమైన ఆందోళన జరిపారు. ఆగ్నేయ మధ్య రైల్వే 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ కేంద్రంగా పని ప్రారంభించింది. 1983లో నెలకొన్న గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. రైల్వే జోను కోసం వీధికెక్కగలిగిన పట్టణం పిల్లవాని మాతృభాషా పాఠం కోసం ఒక దరఖాస్తు వ్రాయడానికి ఎందుకు వెనుకాడుతుందన్నది ఆలోచించవలసిన విషయం.

రాజ్యాంగం ఏమంటున్నది?

1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా యత్నించాలని దాని భావం. ఈ రక్షణల అమలును పరిశీలించడానికి 350-బి క్రింద ఒక ప్రత్యేకాధికారి పదవి ఏర్పడింది. 1957లో మొదటి కమిషనర్ నియామకం జరిగింది.

అయితే ఎంతమంది ఉంటే సౌకర్యం కల్పించాలి? దీనికి సమాధానం రాజ్యాంగ సవరణ కంటె ముందే వచ్చింది. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రాన్ని ఆమోదించింది. పాఠశాల మొత్తంలో 40 మందికి తక్కువ కాకుండా గాని, ఒక తరగతిలో 10 మందికి తక్కువ కాకుండా గాని ఒక భాష పిల్లలుంటే, ఆ భాషలో బోధించడానికి కనీసం ఒక ఉపాధ్యాయుని నియమించాలన్నది ఆ సూత్రం. ఏది మాతృభాష అన్న ప్రశ్నకు కూడ ఆ తీర్మానమే జవాబు చెప్పింది: తల్లిదండ్రులు లేక సంరక్షకులు ఏ భాషను మాతృభాషగా ప్రకటిస్తారో అదే మాతృభాష. అనంతరం రూపొందిన రక్షణల పథకంలో భాషాభిమతాన్ని ముందుగా నమోదు చేయడం, పాఠశాలల మధ్య సర్దుబాటు చేయడం అనే రెండు ఏర్పాట్లు చోటు చేసుకున్నాయి.

కీలకమంతా 'ప్రకటన' అన్న మాటలోనే ఉన్నది. ప్రభుత్వం తనంతట తాను ఇంటింటికి వచ్చి ఏ భాష మాట్లాడుతున్నారని అడగదు. బడిలో చేర్చేటప్పుడు ప్రవేశపత్రంలో తండ్రి హిందీ అని వ్రాయిస్తే ఆ పిల్లవాడు లెక్కలోనుంచి తొలగిపోతాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ మాట్లాడే పిల్లవానికి ప్రవేశపత్రం ఒక్క గడినే ఇస్తుంది. తెలుగు అని వ్రాస్తే బిడ్డకు ఏదో నష్టం జరుగుతుందేమోనన్న శంక చాలమందిలో ఉంటుంది. ఆ శంకకు ఆధారం లేదు. కాని దానిని తొలగించే బాధ్యత బడి ఎంత వహించాలో తోటి తల్లిదండ్రులు కూడ అంతే వహించాలి.

మరొక నలభై

ఈ సంఖ్య ఇదే ప్రాంత చరిత్రలో మరొకసారి దర్శనమిస్తుంది. బిలాస్‌పూర్ మధ్యప్రదేశ్‌లో అంతర్భాగంగా ఉన్న కాలంలో, 1997 జనవరి 1న ఆ రాష్ట్ర ప్రభుత్వం 'శిక్షా గారంటీ యోజన'ను ప్రారంభించింది. హిందీ నుంచి తెలుగుకు అనువదించేవారు ఈ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగవలసిందే. హిందీలో శిక్ష అంటే చదువు. తెలుగువాని చెవికి అది దండన. 'శిక్షకు హామీ ఇచ్చే ప్రభుత్వం' అని వ్రాస్తే పాఠకుడు బెదరిపోతాడు. కనుక విద్యా హామీ పథకమని చెప్పుకుందాం.

కిలోమీటరు దూరంలోపల బడి లేని పల్లెలో 40 మంది, గిరిజన ప్రాంతంలోనైతే 25 మంది పిల్లలున్నట్లు గ్రామస్థులే లెక్కించి పంచాయతీకి కోరిక సమర్పిస్తే, 90 రోజులలో బోధకుని ఏర్పాటు చేస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. 'గురూజీ' అనే ఆ బోధకుని స్థానికుల నుంచి ఆ ఊరివారే సూచించారు. తక్కువ వేతనానికి తగిన శిక్షణ లేని వారిని నియమించి పేదలకు రెండవ తరగతి చదువు ఇస్తున్నారని విమర్శలు వచ్చాయి. అవి కొట్టివేయదగినవి కావు. అయినా ఈ పథకం ఒక మార్పు తెచ్చింది. ఎక్కడ బడి పెట్టాలో కార్యాలయం నిర్ణయించే పద్ధతి పోయి, ఊరు లెక్కకట్టి అడిగే పద్ధతి వచ్చింది. పల్లెవాసులు పిల్లలను లెక్కించగలిగినప్పుడు క్వార్టర్ల వరుసలలో నివసించే ఉద్యోగులకు అది అసాధ్యం కాబోదు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పౌరునికి మరొక సాధనం ఇచ్చింది. ప్రభుత్వ, స్థానిక సంస్థల పాఠశాలలలో యాజమాన్య సంఘం ఏర్పడాలి. అందులో కనీసం మూడు వంతుల మంది అంటే నూటికి 75 మంది తల్లిదండ్రులు లేక సంరక్షకులై ఉండాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను సిద్ధం చేసేది ఈ సంఘమే. ఆంధ్రప్రదేశ్‌లో ఇంతకు పూర్వమే, 1998లో, పాఠశాల విద్యలో సామాజిక భాగస్వామ్యానికి ఒక శాసనం వచ్చి తల్లిదండ్రుల కమిటీలకు రూపమిచ్చింది. సంఘ సమావేశం అంటే మధ్యాహ్న భోజనం, గోడకు సున్నం, ప్రహరీ మాత్రమే చర్చనీయాంశాలన్న అలవాటు అనేకచోట్ల నాటుకున్నది. భాషా బోధకుని కోరిక కూడ ఆ ప్రణాళికలో వ్రాయదగిన అంశమే.

ఢిల్లీకి చేరిన మాట

పౌరుని మాట పై అంతస్తుకు చేరదనేవారికి 2019 నాటి ఉదంతం ఒక సమాధానం. కస్తూరిరంగన్ సంఘం మే 31న సమర్పించిన ముసాయిదాలో హిందీయేతర రాష్ట్రాల పిల్లలు హిందీ చదవాలన్న భాగంపై, ముఖ్యంగా తమిళనాడు నుంచి, అభ్యంతరాలు వెల్లువెత్తగా జూన్ 3 నాటికే ఆ భాగాన్ని సవరించారు. నూతన విధాన రూపకల్పనలో 2 లక్షలకు పైగా సూచనలు అందినట్లు కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ముసాయిదా పూర్తి పాఠం 480 పుటలు మించినది. అంతటి గ్రంథాన్ని ఇంగ్లీషులోనో హిందీలోనో చదివి అభిప్రాయం చెప్పగలిగినవారు ఎందరు? సారాంశం చదివినవాడు సారాంశం మీదనే అభిప్రాయం చెప్పగలడు. ప్రజల భాగస్వామ్యం కోరే ప్రభుత్వం అనువాదాన్ని చివరి పనిగా కాక మొదటి పనిగా చేపట్టాలని నా అభిప్రాయం.

మరచిపోయిన ఒక వాక్యం

1968 జాతీయ విధానంలోని త్రిభాషా సూత్రం హిందీ రాష్ట్రాలకు ఒక కర్తవ్యం నిర్దేశించింది. అక్కడి పిల్లలు హిందీ, ఇంగ్లీషులతోపాటు ఒక ఆధునిక భారతీయ భాషను, దక్షిణాది భాషలలో ఒకటైతే మరీ మంచిది, నేర్చుకోవాలన్నది. ఆచరణలో చాల బడులలో ఆ స్థానాన్ని సంస్కృతం ఆక్రమించింది. సంస్కృతం గొప్పదే, కాని ఆ వాక్యం ఉద్దేశించినది అది కాదు. బిలాస్‌పూర్‌లో తెలుగు నేర్పగలవారున్నారు, తెలుగు మాట్లాడే ఇరుగుపొరుగులున్నారు. రోజుకొక పీరియడు తెలుగు పెడితే తెలుగు పిల్లలతోపాటు ఛత్తీస్‌గఢీ పిల్లలు కూడ కూర్చోవచ్చు. తెలుగు మాధ్యమంలోనే అన్ని పాఠాలూ చెప్పాలని పట్టుపట్టడం బదిలీలుండే రైల్వే కుటుంబాలకు హితం కాదు. ఒక పాఠ్యాంశంగా అడగడమే ఉచితం.

ఇందులో ఛత్తీస్‌గఢీ పిల్లల పక్షం కూడ తలచుకోవాలి. ఇంట్లో ఛత్తీస్‌గఢీ మాట్లాడే పసివాడు బడిలో పుస్తకాల హిందీని ఎదుర్కొంటున్నాడు. 2020 నాటి విధానం వీలైనంతవరకు కనీసం 5వ తరగతి దాక ఇంటిభాషలో బోధన జరగాలని చెప్పింది. ఆ మాట అమలు జరగాలని అతని తల్లి అడిగినప్పుడు తెలుగు తల్లి పక్కన నిలబడితే, తెలుగు పీరియడు కావాలన్నప్పుడు ఛత్తీస్‌గఢీ తల్లి కూడ చేయి ఎత్తుతుంది. సంఘంలో ఓట్లు ఇద్దరివీ.

ఇక లెక్క సంగతి. డిసెంబరులో లెక్కించిన పిల్లలలో కొందరు జూన్ నాటికి తండ్రి బదిలీతో నాగపూరుకో రాయగఢ్‌కో వెళ్ళిపోతారు. ఒక్కొక్క బడిలో విడివిడిగా చూస్తే ఆరుగురు, ఏడుగురు తేలుతారు. పది పూర్తి కాదు. ముందస్తు నమోదు, పాఠశాలల మధ్య సర్దుబాటు అన్న రెండు ఏర్పాట్లను ఉద్దేశించింది ఇటువంటి పరిస్థితికే. కాలనీలోని బడులన్నింటి తల్లిదండ్రులు ఒకే పట్టిక తయారు చేసి, ఏ బడిలో తరగతి పెడితే అందరికీ నడక దూరమో వారే నిర్ణయించి, ఆ పట్టికను విద్యాసంవత్సరం మొదలు కావడానికి చాల ముందే ప్రధానోపాధ్యాయులకు, జిల్లా విద్యాధికారికి అందజేయాలి. ఒక ప్రతిని భాషాపరమైన అల్పసంఖ్యాకుల కమిషనర్ కార్యాలయానికి పంపాలి.