మేఘాల కుప్ప, దాని చుట్టూ ఉన్న గాలి

మధ్యాహ్నపు ఎండలో దూదికుప్పల్లా తేలే మేఘాలను మీరు చూసే ఉంటారు. వాటికి 1802లో లండన్ వాసి ల్యూక్ హోవర్డ్ 'క్యుములస్' అని పేరు పెట్టాడు. లాటిన్‌లో దానికి కుప్ప అని అర్థం. అరబీలో 'రుకామ్' అన్నా అదే భావం. సూరె నూర్ 43వ ఆయత్‌లో మేఘాల ప్రస్తావనలో ఈ పదం కనిపిస్తుంది.

ఇంతకీ ఆ కుప్ప ఎలా పడుతుంది? ఎండకు నేల కాగుతుంది. నేలను ఆనుకున్న గాలి వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. పైన ఒత్తిడి తక్కువ కనుక వ్యాకోచించి, కిలోమీటరుకు సుమారు 9.8 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. ఒక ఎత్తుకు చేరాక అందులోని ఆవిరి ధూళి రేణువులను పట్టుకుని నీటి బిందువులవుతుంది. మేఘం అడుగు గీత గీసినట్లు చదునుగా ఉండేది అందుకే. కిలో ఆవిరి నీరైతే దాదాపు 25 లక్షల జౌళ్ల వేడి వెలువడుతుంది. ఆ వేడే మేఘాన్ని ఇంకా పైకి నెడుతుంది.

ఇక చుట్టూ ఉన్న గాలి సంగతి చూద్దాం. పాఠ్యపుస్తకాలు తరచూ దాటవేసేది దీన్నే. మేఘంలో గాలి పైకి లేస్తే, దాని చుట్టూ గాలి మెల్లగా కిందికి దిగాలి. దిగే గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది, పొడిబారుతుంది. పరిసరాలు వేడెక్కేది ముఖ్యంగా ఈ దిగుడు వల్లనే గానీ, మేఘంలోని వేడి పక్కకు పాకి కాదు. మేఘం కూడా అంచుల గుండా పొడిగాలిని లోపలికి లాక్కుని కొంత బలహీనపడుతుంది.

దీన్ని కంప్యూటరు లెక్కలోకి తేవడం కష్టం. శీతోష్ణ నమూనాలు భూమిని గళ్లుగా విభజిస్తాయి. చాలా నమూనాల్లో గడి వెడల్పు 100 కిలోమీటర్ల వరకు ఉంటుంది, మేఘం వెడల్పేమో ఒకటి రెండు కిలోమీటర్లు! అందుకని 1974లో అరకావా, షూబర్ట్ అనే శాస్త్రజ్ఞులు మేఘాలను ఒక్కొక్కటిగా కాక గుంపుగా లెక్కించారు. పరిసరాలు ఎంత వేగంగా అస్థిరమైతే, మేఘాలు అంతే వేగంగా ఆ అస్థిరతను తీర్చివేస్తాయన్నది వారి ఆధారం.

ఈ లెక్క తప్పితే నష్టం చిన్నది కాదు. సముద్రం మీది చిన్న క్యుములస్ మేఘాలు ఎండను తిప్పికొడతాయి. అవి తరిగితే భూతాపం ఇంకా పెరుగుతుంది. వాటి తీరు తెలియకపోవడం వల్ల కూడా, కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే పెరిగే వేడిని 2021 నాటి అంతర్జాతీయ నివేదిక 2.5 నుండి 4 డిగ్రీల మధ్య అని మాత్రమే చెప్పగలిగింది. కొన్ని నమూనాల ప్రకారం, గాలి కలయిక పెరిగితే మేఘం అడుగు ఎండిపోవాలి. 2020 జనవరి, ఫిబ్రవరిలలో బార్బడోస్ వద్ద విమానాలతో కొలిచి చూశారు. 2022లో ఫలితాలు వెలువడ్డాయి: పైకి లేచే గాలి పెరిగినప్పుడు అక్కడి మేఘాలు తరగలేదు, పెరిగాయి.