రాతిలో ఇద్దరు రాణులు

మన గుట్టల రాయి యెంత గట్టిదో హుజూరాబాదు ప్రాంతపు బాలబాలికలకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇట్టి రాతినే ఐగుప్తుదేశపు శిల్పులు అస్వాను గనులనుండి తీసి, ఇనుప పనిముట్లు లేని కాలముననే ఫరోల విగ్రహములుగ మలచిరి. రాగి యులి యీ రాతిమీద నిలువదు. కావున గట్టి రాతిగుండ్లతో మోది మోది, పిమ్మట ఇసుకతో అరగదీసి నునుపుచేసిరి. మరణించిన రాజు ప్రాణశక్తి విగ్రహమునందు నివసించి నైవేద్యము గైకొనునని వారి నమ్మకము. అందుచే విగ్రహము చెడరాదు, దానిపై రాజు పేరు చెరగరాదు.

క్రీ. పూ. 15వ శతాబ్దమున ఆ దేశమును హాట్‌షెప్సూత్ అను రాణి యేలెను. మొదట బాలుడగు సవతికుమారుని పక్షమున పాలించి, కొన్ని యేండ్లకు తానే ఫరో యయ్యెను. ఫరో యనగా పురుషుడే యని శిల్పుల సంప్రదాయము. కావున ఆమె విగ్రహములలో పెక్కింటికి కట్టుడు గడ్డము పెట్టిరి. అయినను ప్రక్కన చెక్కిన వ్రాతలలో తరచుగ స్త్రీలింగమునే వాడిరి! ఆమె మరణానంతరము సవతికుమారుని కాలమున ఆ విగ్రహములను పగులగొట్టి, దైర్ అల్ బహరీ యాలయము చెంత గోతులలో పడవేసిరి. 1920 తరువాతి యేండ్లలో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమువారు ముక్కలను త్రవ్వితీసి అతికించిరి.

ఇంత దూరపు కథ మనకేల యందురా? మన ఓరుగల్లు నేలిన రుద్రమదేవియు శాసనములలో రుద్రదేవమహారాజు అను పురుషనామమునే ధరించెను. ఓరుగల్లు సమీపమున బొల్లికుంటలోని రెండు శిల్పములు ఆమెవేయని పురావస్తుశాఖవారు రాజచిహ్నములనుబట్టి 2017లో గుర్తించిరి. ఒకదానియందు ఆమె గుఱ్ఱమెక్కియున్నది. కుడిచేత కత్తి, ఎడమచేత కళ్లెము, పైన ఛత్రము. రెండవదానియందు ఛత్రము లేదు, కత్తి లేదు. రాణి అలసి యెడమవైపున కొరగియున్నది. చెంత యముని వాహనమగు దున్నపోతు.

మా మనస్సున నాటుకొనినది ఈ రెండవదే. హాట్‌షెప్సూత్ విగ్రహములయందు అలసట కానరాదు. చావు నెరుగని ముఖమును చెక్కుటయే ఆ శిల్పుల పని. మన శిల్పి తన రాణి కడపటి గడియను దాచలేదు. నల్లగొండ ప్రాంతపు చందుపట్లలో 1289 నాటి శాసనమొకటి గలదు. రుద్రమదేవికిని, ఆమె సేనాని మల్లికార్జుననాయకునికిని పుణ్యముగ, ఆ నాయకుని సేవకుడగు పువ్వుల ముమ్మడి దేవునికి భూమి నిచ్చి దానిని వేయించెను.