ఉడుపి దాకా పోయినోళ్లం మల్పె దాకా పోకూడదా?



2023 జూన్ 11న కర్ణాటకలో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే శక్తి పథకం మొదలైనప్పటి నుంచి మన బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం ఆడవాళ్లలో ధర్మస్థలం, కుక్కె, ఉడుపి చూసొచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. సంఘం మీటింగులో ఎవర్ని కదిపినా "మంజునాథుణ్ణి చూసొచ్చినాం, కృష్ణుణ్ణి చూసొచ్చినాం" అంటారు. ఉడుపి నుంచి మల్పె ఆరు కిలోమీటర్లే కదమ్మా, రేవులో పడవెక్కి సముద్రంలోని దీవి చూసొచ్చినారా అంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "దేవుడి పని మీద పోతే ఇంట్లో ఏమీ అనరక్కా. ఊరికే సముద్రం చూడ్డానికంటే..." అని సగంలో ఆపేస్తారు. ఈ నెల ముచ్చట ఆ ఆపేసిన సగం గురించే.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. మన తాలూకాల్లో ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదు. చిత్రావతి నంది కొండల దగ్గర పుట్టి బాగేపల్లి మీదుగానే పోతుంది గానీ, వానలు పడితేనే దాని గొంతు తడిసేది. వెయ్యి అడుగులు దాటినా బోరు తడి చూపించని చేలు మనవి. ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసపెట్టి నిలబడింది ఎవరు? నీళ్ల కోసం ఇంత అగచాట్లు పడ్డ ఆడదానికి, చూపు ఆనినంత దూరం నీళ్లే నీళ్లుగా ఉన్న చోట ఒక పూట కూర్చోవాలనిపిస్తే అది తప్పెలా అవుతుంది? దానికీ ఒక మొక్కుబడి అడ్డం పెట్టుకోవాలా?

ఇంట్లో పెద్దవాళ్లు దేవుడి మాటే వింటామంటే, దానికీ జవాబుంది. ఉడుపి కృష్ణుడు వచ్చింది మల్పె ఒడ్డుకే. గోపీచందనం గడ్డలు వేసుకొని పోతున్న ఓడ తుఫానులో చిక్కుకుంటే, మధ్వాచార్యులు ఒడ్డున నిలబడి పైగుడ్డ ఊపి దానికి దారి చూపించారనీ, ఓడవాడు కృతజ్ఞతగా ఇచ్చిన గడ్డలోనే ఆ విగ్రహం దొరికిందనీ అక్కడి ఐతిహ్యం. మల్పెలో వడభాండేశ్వర బలరాముడి గుడి కూడా ఉంది. తమ్ముణ్ణి చూసి అన్నను చూడకుండా వచ్చేస్తే ఎట్లా, అని అడగండి అత్తగారిని!

సరే, దారి సంగతికొద్దాం. ముందు ఎవరి ఊరి నుంచి వాళ్లు బెంగళూరు మెజెస్టిక్ చేరాలి. బాగేపల్లి వాళ్లు ఇక్కడ కాస్త చూసుకోవాలి. హైవే మీద చెయ్యెత్తితే ఆగే బస్సుల్లో ఆంధ్రా ఆర్టీసీవీ ఉంటాయి. వాటిల్లో మన జీరో టికెట్టు చెల్లదు. కర్ణాటక సారిగె అని రాసున్న ఎర్ర బస్సు ఎక్కండి. ఎక్కేముందు కండక్టర్ని ఒక మాట అడగడంలో చిన్నతనమేమీ లేదు. మన రాష్ట్రం అడ్రసున్న ఆధారో, ఓటరు కార్డో చేతికందేట్టు పెట్టుకోండి. టికెట్టు ఉచితమే అయినా, చేతికిచ్చిన కాగితం దిగేదాకా పారెయ్యొద్దు.

మెజెస్టిక్ నుంచి ఉడుపి సుమారు నాలుగు వందల కిలోమీటర్లు. రాజహంస, ఐరావత, స్లీపరు బస్సులకు శక్తి వర్తించదు. మామూలు ఎక్స్‌ప్రెస్‌లో కూర్చొనే పోవాలి. నడుము నొప్పులున్నవాళ్లు ఇది ముందే ఆలోచించుకోండి. డబ్బు పెట్టగలిగితే బెంగళూరు నుంచి కార్వారుకు పోయే పంచగంగ రైలుంది, రాత్రంతా పడుకొని పోవచ్చు. ఉడుపి స్టేషను ఊరికి కాస్త ఎడంగా ఇంద్రాళిలో ఉంటుంది. తెల్లవారక ముందే దిగేస్తారు కాబట్టి వెలుతురొచ్చేదాకా స్టేషన్లోనే కూర్చోండి.

నా ఓటు మాత్రం పగటి బస్సుకే. ఎందుకంటే హాసన్ దాటి సకలేశపురం చేరేసరికి మీరు చూడాల్సిందొకటుంది. మన ఇళ్లల్లో ఏళ్లుగా నలుగుతున్న ఎత్తినహొళె అన్న పేరు పుట్టింది ఆ కొండల్లోనే. పడమటికి పారి నేత్రావతిలో కలిసి మంగళూరు దగ్గర సముద్రం చేరే ఆ వాగుల నీళ్లను తూర్పుకు తిప్పి కోలారుకు, చిక్కబళ్లాపురానికి తెస్తామన్నదే ఆ పథకం. మొదటి దశను 2024 సెప్టెంబరు 6న సకలేశపురం దగ్గరే ప్రారంభించారు. శిరాడి ఘాటులో బస్సు మలుపులు తిరుగుతుంటే, రోడ్డు పక్క రాళ్లల్లోంచి, వేళ్లల్లోంచి నీళ్లు ఊరికే కారుతుంటాయి. పక్కన బిందె ఉండదు, పట్టుకొనేవాళ్లుండరు. మనలాంటి వాళ్లకు కళ్లు చెమర్చే దృశ్యం అది. అక్కడి అడవికి ఏమవుతుందోనన్న ఆ ప్రాంతం వాళ్ల దిగులు కూడా ఆ పచ్చదనం కళ్లారా చూస్తే గానీ మనకు అర్థం కాదు.

ఉడుపిలో దిగాక చేతిలో చిల్లర ఉంచుకోండి. ఆ తీరంలో తిరిగేవి ఎక్కువగా ప్రైవేటు బస్సులు, శక్తి వాటిల్లో పనిచెయ్యదు. సిటీ బస్టాండులో మల్పె బస్సు దొరుకుతుంది, అరగంటలోపే చేరతారు. భాషకు భయపడొద్దు. వాళ్లలో వాళ్లు తుళు మాట్లాడుకున్నా, మన కన్నడం వాళ్లకు అర్థమవుతుంది.

ఆటో ఎక్కితే "మల్పె" అని మాత్రమే చెప్పి ఊరుకోవద్దు. బీచి వేరు, హార్బరు వేరు. బీచి నుంచి చిన్న స్పీడు బోట్లు పోతాయి. పదిమందితో కలిసి పోయే పెద్ద పడవలకు హార్బరు వైపు రేవుకు పోవాలి. పెద్ద పడవ మనుషులు నిండితేనే కదులుతుంది కాబట్టి, సంఘం నుంచి ఒక గుంపుగా పోతే కాచుకొనే పని తగ్గుతుంది. పొద్దున్నే పోండి. దీవిలో రాత్రి ఉండనివ్వరు, సాయంత్రానికి పడవలు ఆగిపోతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలంలో అసలు పడవలే నడవవు. ఆ నెలల్లో రేవు దాకా పోయి వెనక్కి రావడం కంటే, దసరా దాటాక పెట్టుకోండి.

హార్బరులో చేపల కంపు కొడుతుంది, నిజమే. కొంగు ముక్కుకడ్డం పెట్టుకొని గబగబా నడిచేయకండి. ఒక నిమిషం ఆగి అక్కడి చేపల పని చేసే మొగవీర కులం ఆడవాళ్లను చూడండి. తెల్లారకముందే గంపలతో వచ్చి, వేలం పాటలో మగవాళ్లతో సమానంగా గొంతెత్తి ధర తెగ్గొడతారు. చింతామణి మార్కెట్టులో టమాట బాక్సుల దగ్గర, శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టులో మనం ఎన్నిసార్లు మన సరుకు ధరను మొగుడి నోటితోనో, కొడుకు నోటితోనో పలికించామో ఆ పక్కనే నిలబడి ఆలోచించుకోవచ్చు.

పడవెక్కేటప్పుడు తొందరపడొద్దు. గట్టుకు వేలాడదీసిన పాత టైర్లకు పడవ రాసుకుంటూ పైకి, కిందికి ఆడుతుంటుంది. అల వచ్చినప్పుడల్లా మధ్యలో సందు తెరుచుకొని మూసుకుంటుంది. పడవ అంచు గట్టుకు సమంగా వచ్చిన క్షణంలోనే అడుగెయ్యాలి. చెయ్యందించే పడవబ్బాయి మణికట్టు గట్టిగా పట్టుకోండి, పరాయి మగవాడని మొహమాటపడి వేళ్లకొసలు పట్టుకుంటే జారతారు. చీర కట్టుకుంటే కుచ్చిళ్లు నాలుగు వేళ్లు పైకి దోపుకోండి. చుడీదారైతే మరీ మంచిది, అరవై ఏళ్ల అక్కలకు కూడా! ఇచ్చిన లైఫ్ జాకెట్టు తాళ్లు బిగించుకోవాల్సిందే, ఫొటోలో బాగుండదని విప్పొద్దు. దీవి దగ్గర ఒక్కోసారి చిన్న పడవలోకి మార్చి దింపుతారు, పాదాలు తడుస్తాయి.

అరగంట ప్రయాణం. దీవికి సెయింట్ మేరీస్ అని పేరు. 1498లో వాస్కో డ గామా ఇక్కడ ఆగి ఆ పేరు పెట్టాడని చెప్పుకుంటారు. కొబ్బరి చెట్లు, ఇసక బదులు గవ్వలు, చిప్పలు పరిచిన ఒడ్డు, వాటి పక్కనే ఉలితో చెక్కి నిలబెట్టినట్టుండే పలకల రాతి స్తంభాలు. ఎక్కువ వాటికి ఆరు పలకలు. ఎవరూ చెక్కలేదు, లావా చల్లారేటప్పుడు బీటలిచ్చి అట్లా అయింది. సుమారు 8 కోట్ల 80 లక్షల ఏళ్ల కిందట మడగాస్కరు మన నేల నుంచి విడిపోయిన కాలపు రాయి అది. మన నంది కొండ రాయి దానికంటే ఎన్నో రెట్లు పాతది, రెండు వందల కోట్ల ఏళ్లు పైబడింది. ఆ మాట పిల్లలకు చెప్పండి, రోజూ చూసే కొండను కొత్తగా చూస్తారు.

అక్కడ ఈతకు దిగొద్దు, ఆ రాళ్ల దగ్గర నీళ్లు నమ్మడానికి లేదు. ప్లాస్టిక్ సంచులు ఇంట్లోనే వదిలేసి, స్టీలు సీసాలో నీళ్లు పోసుకోండి. చిత్రాన్నం, చపాతీలు, చెనిక్కాయల పొడి పడవెక్కే ముందే తినేయండి.

ఇంట్లో అడిగేటప్పుడు ఉడుపి అని మాత్రమే చెప్పి, మల్పె మాట దాచిపెట్టొద్దు, నా తల్లీ. "సముద్రం చూడాలనుంది, దీవికి పోతున్నాం" అని ఆ మాటే చెప్పండి. ఏమన్నారో నాకు రాయండి, వచ్చే నెల ఇక్కడే మాట్లాడుకుందాం.