కర్మాగారములలో కాంట్రాక్టు కూలీలు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసినది

ఫలానావారి అబ్బాయి కంపెనీ పనికి పోయినాడని మన గ్రామములలో చెప్పుకొనుచుందురు. ఆ అబ్బాయి పేరు కంపెనీ హాజరుపట్టీలో ఉన్నదా, కాంట్రాక్టరు చిట్టాలో మాత్రమే ఉన్నదా అని అడుగువారు తక్కువ. జీతము ఆగిన నాడో, చేయి యంత్రములో పడిన నాడో ఆ ప్రశ్న పంచాయతీ సభ్యుల యొద్దకే వచ్చును.

2000-01లో మన దేశపు కర్మాగారములలో పనిచేయు కార్మికులలో సుమారు అయిదుగురికి ఒకరు కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు. 2022-23 నాటి పరిశ్రమల వార్షిక సర్వేలో అట్టివారు అయిదుగురికి ఇద్దరైనారు. సరుకునకు గిరాకి తగ్గినపుడు వీరిని మాన్పుట సులభము; కూలియు స్థిర కార్మికుని జీతముకంటె తరచు తక్కువ. యజమానులు ఈ పద్ధతిని కోరుటకు ముఖ్య కారణము లివియే.

మేస్త్రి క్రింద పని మనకు క్రొత్త కాదు. పాలమూరు మేస్త్రీలు అడ్వాన్సు లిచ్చి జనమును దూరదేశపు ఆనకట్టల పనులకు కొనిపోయిన సంగతి ఎల్లరు నెరుగుదురు. ఆ విధానములో కష్టములు పెక్కు లుండెను. అయినను మేస్త్రి తెలిసిన ఊరివాడు. అతని అరుగుమీద కూర్చుండి అడుగ వీలుండెడిది. నేటి కూలివానికి తన కాంట్రాక్టరు పూర్తి పేరైనను తెలియకపోవుట కలదు.

కాంట్రాక్టు కార్మికులకు 1970లో ప్రత్యేక చట్టము వచ్చెను. 2025 నవంబరు 21న దాని స్థానమున వృత్తిభద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల కోడ్ అమలులోనికి వచ్చినది. ముఖ్యోత్పత్తి పనులలో కాంట్రాక్టు కూలీలను పెట్టరాదని ఈ కోడ్ చెప్పుచున్నది. కాని మినహాయింపులు విశాలముగా నున్నవి. పూర్వము 20 మంది కూలీలున్న చోట వర్తించిన కాంట్రాక్టు నిబంధనలు ఇపుడు 50 మంది యున్నచోటనే వర్తించును. చిన్న కాంట్రాక్టరు క్రిందివారికి ఇది నష్టమని మా అభిప్రాయము. అయినను వేతనముల కోడ్ వారికి కొంత ఆధారము: కాంట్రాక్టరు కూలి చెల్లింపనిచో ఆ సంస్థ యజమాని బాధ్యుడగును. మూడు సంవత్సరములలోపల దావా వేయవచ్చును.

అయితే తాను ఆ కర్మాగారములోనే పనిచేసినట్లు కూలివాడు చూపగలుగవలెను. చిక్కంతయు ఇక్కడనే యున్నది. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారములోని ఔషధ కర్మాగారమున పేలుడు సంభవించి నలుబదిమందికి పైగా మృతిచెందిరి. ఒడిశా, బీహారు వంటి దూర రాష్ట్రములనుండి వచ్చినవారు వారిలో పెక్కురు. కొందరి జాడయే దొరకలేదు. లోపల ఎవరెవ రుండిరో తేల్చుటకు దినములు పట్టెను, బంధువులు ఫొటోలు చేతబట్టుకొని గేటువద్ద వేచియుండిరి.

కావున పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తక ముంచుట మేలు. పనికి పోవువాని పేరు, కర్మాగారము పేరు, కాంట్రాక్టరు పేరు, ఫోను సంఖ్య, చేరిన తేదీ వ్రాయవలెను. గేటు పాసు, ఇ.ఎస్.ఐ. సంఖ్య, భవిష్యనిధి సంఖ్య వచ్చినతోడనే ఇంటికి ఫొటో తీసి పంపుమని చెప్పవలెను. నియామకపత్ర మిచ్చుట ఇపుడు యజమాని విధి, అడుగుటకు జంకనక్కరలేదు. కూలి చేతికి గాక బ్యాంకు ఖాతాకు వచ్చిన, పాసుపుస్తకమే సాక్ష్యమగును.

కూలి రానిచో కార్మికశాఖ అధికారికి వ్రాయు అర్జీలో కాంట్రాక్టరు పేరొక్కటే వ్రాసి పంపుచున్నారు. కాంట్రాక్టరు ఊరు విడిచిపోయిన అది కదలదు. కర్మాగారము పేరును, చిరునామాను మొదటి పంక్తిలోనే చేర్పింపవలెను.