మోలే ముందు మొగమాటమేల?

ప్రశ్న: మెక్సికో ప్రాంతీయ వంటల పెద్ద హోటలులో విందుకు పిలిచినారు. ఏమి తెప్పించుకొనవలెను? చేతితో తినవచ్చునా?
- ఒక పాఠకుడు, నాచారం

జవాబు: ఉప్పల్ కూడలిలో బొగ్గులపై కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పుకారము రుద్ది యిచ్చు మొక్కజొన్నపొత్తు రుచి యెఱిగిన మీకు ఆ విందు పరాయిది గాదు, ఏలయన మొక్కజొన్నయు మిరపయు మెక్సికోలోనే పుట్టి మన యింటికి వచ్చినవి. మొక్కజొన్నగింజలను సున్నపునీట నుడికించి, నానబెట్టి, పొట్టు కడిగి రుబ్బిన ముద్దతో కాల్చు పలుచని రొట్టెయే టోర్టియా; దానిలో కూర చుట్టి చేతితో తినుటయే అచ్చటి సంప్రదాయము. ఒహాకా ప్రాంతపు నల్లని మోలే యను చిక్కని పులుసు, వేయించిన యెండుమిరపలు, నువ్వులు, రవంత చాక్లెట్టు నూరి కాచినదగుటచే, మన గుత్తివంకాయ మసాలాను తలపించును. ఈ మెక్సికో పాకసంప్రదాయమును 2010లో యునెస్కో గుర్తించినది. శాకాహారులైనచో అచ్చట వడ్డించు చిక్కుడుగింజల ముద్దలో పందికొవ్వు కలదేమో ముందే విచారింపుడు. ఆపై నిస్సంకోచముగా నారగింపుడు.