రాబోయే నవలల్లో ముందుగా ఏది చదవాలి?

నవలలు చదివితే కాలం వృథా అవుతుందని మన పెద్దలు అనేవారు. నవల చదవటానికి కాలమే దొరకటం లేదని ఇప్పుడు మనం అంటున్నాం. రెండింటిలోనూ ఉన్నది కాలం గురించిన దిగులే. అంచేత "ఏ నవల మంచిది?" అనే చర్చ విమర్శకులకు వదిలిపెట్టి, "ఉన్న కాస్త తీరికలో ఏ నవల ముందు?" అనే చిన్న ప్రశ్నను ఈ వ్యాసంలో పరిశీలించాలనుకుంటున్నాను. ముఖ్యంగా రాబోయే నవలల సంగతి. అనగా వచ్చే కొద్ది నెలల్లో అచ్చుకానున్నవి, అచ్చయినా ఇంకా ఎవరి నోటా నానని నవలలు.

నేను ఈ కళాశాల పూర్వ విద్యార్థిని. ప్రస్తుతం మాదాపూరులో ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. సాహిత్య పండితుణ్ణి కాను. ఒక పాఠకుడిగా, నాలాగే రేపో మాపో ఆ దారిన ఉద్యోగాలకు వెళ్ళబోయే విద్యార్థి మిత్రులతో ఈ నాలుగు మాటలు పంచుకుంటున్నాను.

ముందుగా ఒక లెక్క

ఉప్పల్ దగ్గర కాపురముండి, హైటెక్ సిటీలో పనిచేసే మనిషిని ఊహించుకోండి. మెట్రో రైలు 2019 మార్చిలో హైటెక్ సిటీకి, అదే ఏడాది నవంబరులో రాయదుర్గానికి వచ్చింది. పోనూ రానూ రోజుకు గంటన్నర రైల్లో గడుస్తుందనుకుందాం. రెండు నిమిషాలకొక పేజీ చొప్పున, ఎక్కి దిగే హడావుడి పోను, 40 పేజీలు చదవవచ్చు. వారానికి మూడు రోజులే ఆఫీసుకు రమ్మనే కంపెనీలు ఇప్పుడు చాలా ఉన్నాయి గనుక నెలకు 12 రోజులు. వెరసి 480 పేజీలు. ఊపిరాడని రద్దీ ఉన్న రోజులు, ఫోను వదలని రోజులు, కునుకు పట్టిన రోజులు తీసేస్తే 300 మిగులుతాయి. అంటే నెలకొక నవల. ఏడాదికి 12. ముప్పయి అయిదేళ్ళ ఉద్యోగ జీవితంలో 420.

ఈ 420 పుస్తకాలూ ఒక బీరువాలో పట్టేస్తాయి! ఒక మనిషి జీవితంలో చదవగలిగిన నవలలు ఆ బీరువాడేనన్నమాట. కాబట్టి ఆ అరల్లోకి ఏది రావాలి అన్నది అంత తేలిక విషయం కాదు.

వెనకటి రోజుల్లో ఈ బాధ లేదు

తెలుగు నవల మొదటినుంచీ ముక్కలు ముక్కలుగానే పాఠకుడి గుమ్మం తొక్కింది. వీరేశలింగం గారి "రాజశేఖర చరిత్రము" 1878లో ఆయన పత్రిక "వివేకవర్ధని"లోనే వెలువడింది. 1960లలో యద్దనపూడి సులోచనారాణి గారి "సెక్రటరీ" జ్యోతి మాసపత్రికలో వచ్చింది. 1980 ప్రాంతంలో యండమూరి వీరేంద్రనాథ్ గారి "తులసిదళం" ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చింది. పలానా వారి కొత్త సీరియల్ త్వరలో ప్రారంభమని ప్రకటన పడేది. ఇంటిల్లిపాదీ ఎదురుచూసేవారు. రెండు వారాలు చదివి, నచ్చితే మూడోవారం చదివేవారు, లేకపోతే పేజీ తిప్పేసేవారు. ఎంపిక సగం సంపాదకుడు చేసేవాడు, మిగతా సగం ఆ రెండు వారాల రుచి చూసి పాఠకుడు చేసుకునేవాడు.

ఆ వారపత్రికల్లో చాలా భాగం ఇప్పుడు లేవు. వెబ్ పత్రికల్లో కొన్ని సీరియళ్ళు వస్తున్నా, ఎక్కువ నవలలు తిన్నగా పుస్తకంగానే మన ముందుకు వస్తున్నాయి. ఇంగ్లీషులో అయితే ప్రకటనకీ పుస్తకానికీ మధ్య నెలల తరబడి వ్యవధి ఉంటుంది. కజువో ఇషిగురో "క్లారా అండ్ ది సన్" నవల వస్తున్నదని 2020 జూన్‌లోనే ప్రకటించారు. పుస్తకం 2021 మార్చిలో వచ్చింది. ఆ తొమ్మిది నెలలూ దాని గురించి మాటలు సాగాయి. తెలుగులో అంత వ్యవధి ఉండదు. హైదరాబాదు పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులోనూ, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరిలోనూ జరుగుతాయి గనుక మన కొత్త పుస్తకాలు చాలావరకు చలికాలపు పంట. ముఖచిత్రం ఇవాళ కనబడితే పుస్తకం వచ్చే వారమే స్టాలులో ఉంటుంది. మీరు ఆలోచించుకునే లోపల ప్రదర్శన ముగిసిపోతుంది.

యంత్రం చెప్పలేని సంగతి

"ఇంత ఆలోచన ఎందుకండీ, ఏం చదవాలో కంప్యూటరే చెబుతుంది కదా!" అని మా జూనియర్ ఒకతను అన్నాడు. ఈ మాటను కొంచెం తరచి చూద్దాం. 1995లో పుస్తకాల దుకాణంగా అమ్మకాలు మొదలుపెట్టిన అమెజాన్ సంస్థ 2019 ఆగస్టులో మన నానక్‌రామ్‌గూడలో బ్రహ్మాండమైన కార్యాలయ భవనం ప్రారంభించింది. ఇది కొన్నవారు అది కూడా కొన్నారు అని చెప్పే పద్ధతి బాగా వ్యాప్తిలోకి వచ్చింది అటువంటి దుకాణాల వల్లనే. అటువంటి లెక్కలు కట్టే ఇంజనీర్లు మన గచ్చిబౌలి, మాదాపూరు బస్తీల్లో కొల్లలుగా ఉన్నారు.

ఆ లెక్కకు కావలసిన ముడిసరుకు గతం. ఎవరెవరు ఏమేం కొన్నారు, ఎన్ని చుక్కలు వేశారు అన్నదే దానికి ఆధారం. నిన్నగాక మొన్న అచ్చయిన పుస్తకం ఇంకా ఎవరూ కొనలేదు గనుక దాని గురించి లెక్కకి ఏమీ తెలియదు. కంప్యూటర్ శాస్త్రంలో దీనికి కోల్డ్ స్టార్ట్ సమస్య అని పేరు. చలికాలం పొద్దున స్టార్ట్ కాని స్కూటర్‌ని తలచుకుంటే చాలు, అర్థమైపోతుంది. ఎవరో ఒకరు దిగి కిక్కు కొట్టాలి, లేదా తొయ్యాలి.

ఇంగ్లీషు నవలకైతే తోసేవాళ్ళు ఉన్నారు. పెద్ద ప్రచురణ సంస్థలు ముందుగానే సమీక్షకులకు ప్రతులు పంపుతాయి. తెలుగు నవల సాధారణంగా వెయ్యి ప్రతులో, అంతకన్నా తక్కువో అచ్చవుతుంది. చాలాసార్లు రచయితే తోయాలి. ఆ వెయ్యీ కదలకపోతే రెండో ముద్రణ ఉండదు, లెక్కకు అందే గతమూ ఉండదు. కాబట్టి యంత్రం ఆ నవలను మీకు చూపించదు. చూపించదు గనుక మీరు కొనరు. కొనరు గనుక అది చూపించదు! ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట మనిషే ఆపాలి.

బహుమతి వచ్చాక చదువుదామా?

చాలామంది చెప్పే రెండో ఉపాయం ఇది. బహుమతుల మీద నాకు గౌరవం ఉంది. కాని అవి వెనక్కి చూసే అద్దాలు. కేంద్ర సాహిత్య అకాడమీ 2024 పురస్కారానికి పరిశీలించినవి 2018 నుంచి 2022 లోపు మొదటిసారి వచ్చిన పుస్తకాలు. పైగా అది నవలలకే పరిమితమైనది కాదు. తెలుగులో 2019లో బండి నారాయణస్వామి గారి "శప్తభూమి"కి, 2022లో మధురాంతకం నరేంద్ర గారి "మనోధర్మపరాగం"కు వచ్చింది, రెండూ నవలలే. మధ్యలో 2021లో కవిత్వానికి, తరువాత 2023లో కథలకు, 2024లో విమర్శకు వచ్చింది.

"శప్తభూమి" సంగతే చూడండి. రాయలసీమ గతాన్ని చెప్పిన ఆ నవలకు 2017లోనే తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది. అకాడమీ కోసం ఆగిన పాఠకుడు రెండేళ్ళు ఆలస్యంగా చదివాడు. గీతాంజలిశ్రీ హిందీ నవల "రేత్ సమాధి" 2018లో వచ్చింది. ఇంగ్లీషు అనువాదానికి 2022లో అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చాక దేశమంతా దాని పేరు మారుమోగింది. దాన్ని మొదట నమ్మి చదివినవారు హిందీ పాఠకులే.

ఇంకొక మాట. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి నవలా బహుమతిని విశ్వనాథ వారి "వేయిపడగలు", అడివి బాపిరాజు గారి "నారాయణరావు" కలిసి పంచుకున్నాయి. రెండూ రెండు లోకాలు. బహుమతి రెండింటికీ మర్యాద చేసింది సరే, మీకు ఏది ముందు అన్నది మాత్రం చెప్పలేదు. ఆ పని మనదే.

నేను చేసే నాలుగు పరీక్షలు

మొదటిది, రచయిత వెనకటి పుస్తకం. కొత్త నవల అట్ట మీది పొగడ్తల కన్నా ఆయన లేక ఆమె రాసిన పాత పుస్తకంలో ఒక అధ్యాయం ఎక్కువ చెబుతుంది. మొదటి నవలే అయితే పత్రికల్లో వచ్చిన ఒకటి రెండు కథలు చూడాలి.

రెండవది, నడిమి పేజీలు. మొదటి పది పేజీలు ఎవరైనా చెక్కి చెక్కి రాస్తారు. పుస్తక ప్రదర్శనలో నిలబడి సరిగ్గా మధ్యలో తెరిచి నాలుగు పేజీలు చదవండి. అక్కడ కూడా మనుషులు మనుషుల్లా మాట్లాడుతుంటే ఆ పుస్తకాన్ని నమ్మవచ్చు. స్టాలువారు ఏమీ అనరు.

మూడవది, ఈ నవలకు ఏ పని తెలుసు? నా మటుకు ఇదే పెద్ద పరీక్ష. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి "కొండపొలం" 2019లో తానా బహుమతి పొందింది, 2021లో సినిమాగా కూడా వచ్చింది. ఇంజనీరింగు చదువుల కుర్రవాడు కరవు కాలంలో గొర్రెల మందల వెంట నల్లమల అడవికి పోవటం అందులో కథ. గొర్రెలు కాయటం ఎలాగో ఆ నవలకు తెలుసు. హైటెక్ సిటీలో కూర్చుని నేను ఎన్నడూ తెలుసుకోలేని పని అది. రేపు మన ఐటీ జీవితం మీద నవల వస్తున్నదంటే అప్పుడూ ఇదే అడుగుతాను. అద్దాల మేడలూ, కాఫీ యంత్రాలూ వర్ణించి ఊరుకుంటుందా? రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయినప్పుడు మనిషి మనసు ఎలా ఉంటుందో, క్యాబు డ్రైవరు, హాస్టల్ వంటమనిషి రోజు ఎలా గడుస్తుందో దానికి తెలుసా? సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. పాతికేళ్ళు దాటిన ఈ బ్రతుకు మీద వచ్చే నవలను పేరు చూసి కొనకూడదు, పేరు చూసి తోసేయనూ కూడదు.

నాలుగవది, మిత్రుడి సాక్ష్యం. "బాగుందా?" అని అడిగితే అందరూ "బాగుంది" అనే అంటారు. "ఎక్కడ ఆపబుద్ధయింది? మళ్ళీ ఎందుకు తీశావు?" అని అడగండి. నిజం బయటపడుతుంది.

ఈ నాలుగూ దాటి వచ్చినా, 50 పేజీల తరువాత నచ్చకపోతే మొహమాటం లేకుండా పక్కన పెట్టేయవచ్చు. 420లో ఒకటి తగ్గదు, ఇంకొకదానికి చోటు దొరుకుతుంది.

పన్నెండింటి పంపకం

మా ఆఫీసులో ఆరుగురం కలిసి ఏటా జనవరిలో, ప్రదర్శన సంచులు ఇల్లు చేరాక, మధ్యాహ్నం భోజనాల దగ్గర జాబితా వేసుకుంటాం. కరీంనగర్ మిత్రుడొకరు, "అన్నా, మనూరి ముచ్చట లేని లిస్టు నాకొద్దు" అని మొదలుపెడతాడు. శ్రీకాకుళం అమ్మాయి తన పక్షం తాను వాదిస్తుంది. చివరికి తేలే పంపకం ఇలా ఉంటుంది: ఆరు పాతవి, ఆరు కొత్తవి. కొత్త ఆరింటిలో మూడు తెలుగు నవలలు, వాటిలో ఒకటి తప్పనిసరిగా రచయిత మొదటి నవల. ఒకటి ఇతర భారతీయ భాషలనుంచి అనువాదం. ఒకటి బయటి ప్రపంచానిది. ఆరవ స్థానం ఖాళీ. ఏడాది మధ్యలో ఎవరైనా పరుగెత్తుకొచ్చి "ఇది చదివి తీరాలి" అంటే దానికోసం.

పాతవే చదివితే సరిపోదా అని ఆచార్యులు కొందరు అడుగుతారు. పాతవి చదవాలి, సగం వాటా అందుకే. కాని ఉస్మానియా విద్యార్థి రవి ఒక్కరోజు జీవితాన్ని నవల చేసిన నవీన్ గారి "అంపశయ్య" కూడా 1969లో ఒక కొత్త రచయిత మొదటి నవలే. ఆనాడు హాస్టలు గదుల్లో కూర్చుని, గొప్పదని ఎవరూ ముద్ర వేయకముందే దాన్ని చదివి వాదులాడుకున్న విద్యార్థులు ఉండబట్టి అది మన దాకా వచ్చింది. పుస్తకం పేరు ఆయనకి ఇంటిపేరే అయిపోయింది. ఆ ముందుతరం పాఠకులు చేసిన పని మన వంతు వచ్చినప్పుడు మనం చేయకపోతే, మన తరువాతివారికి చదువుకోవటానికి పాతవి ఎక్కడినుంచి వస్తాయి?

హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి దాకా తెలుగు చదవగలిగినవారు వేలమంది ఉన్నారు. సినిమా టికెట్టూ, దానితోపాటు తినే చిరుతిండీ కలిపితే అయ్యే ఖర్చుకి ఒక నవల వస్తుంది. ఒక్కొక్కరం ఏడాదికి మూడే మూడు కొత్త తెలుగు నవలలు, అవి వచ్చిన నెలలోనే, మన బుద్ధితో ఎంచుకుని కొంటే చాలు. వెయ్యి ప్రతులు ఒక లెక్కలోవి కావు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. చదివిన తరువాత నచ్చినా నచ్చకపోయినా నలుగురితో ఆ మాట అనండి. కొత్త నవలకు నిందకన్నా మౌనమే ఎక్కువ హాని చేస్తుంది.

మిత్రులారా, ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి రాబోయే పుస్తక ప్రదర్శనకు ఎన్నో కొన్ని నెలలు ఉంటాయి. ఈలోగా ఒక కాగితం మీద ఆరు గీతలు గీసి ఉంచుకోండి. ఏ పేర్లు రాస్తారో మీ ఇష్టం.